యంత్రముల మధ్య ఒడంబడిక

మన యిండ్లలోని రేడియోలన్నియు ఒకే చోట తయారైనవి కావు. ఒక యింట తాతగారి నాటి మర్ఫీ పెట్టె ఉండును. ప్రక్కయింట ఫిలిప్స్ ట్రాన్సిస్టరు ఉండును. ఎదురింటి అబ్బాయి చేతిలో సంతలో కొన్న, పేరైనను లేని చిన్న సెట్టు ఉండును. వీనిని చేసినవారు ఒకరినొకరు ఎరుగరు. మా ట్రాన్స్‌మిటరును నిర్మించిన ఇంజనీర్లకు ఈ మూడింటిలో ఏ ఒక్కదాని సంగతియు తెలియదు. అయినను ప్రాంతీయ వార్తలు మొదలు కాగానే మూడిండ్లలోను ఒకే కంఠము వినిపించును.

ఇది మనకెంత అలవాటైనదనగా, ఇందులో వింత కలదని కూడ తోచదు. ఒక కంపెనీ సెల్‌ఫోను చార్జరు మరియొక కంపెనీ ఫోనులో దూరనప్పుడో, ఊరినుండి బంధువు పంపిన తెలుగు ఉత్తరము కంప్యూటరు తెరమీద అర్థము లేని గుర్తుల గుంపుగా కనబడినప్పుడో తోచును. ఒకరు చేసిన వస్తువు మరియొకరు చేసిన వస్తువుతో మాట కలుపవలెనన్న, ఆ రెండింటికంటె ముందే ఒక ఒడంబడిక పుట్టియుండవలెను. పెట్టె విప్పి చూచినను అది కంటికి కనబడదు. అది లేని నాడు ఏమి జరిగెనో, పిదప ఎట్లు కుదిరెనో, మా రంగపు చరిత్రనుండియే వివరింపదలచితిమి.

మొదట తంతి సంగతి. 1844లో అమెరికాలో వాషింగ్టను, బాల్టిమోరు నగరముల నడుమ మోర్సు తన తంతి మార్గమును నడిపి చూపెను. అనతికాలములోనే ఐరోపా దేశములు కూడ విరివిగా తీగలు వేసికొన్నవి. కాని ఎవరి తీగ వారిది, ఎవరి యంత్రము వారిది. ఇంగ్లండులో సూదులు ఇటునటు కదలి అక్షరమును సూచించు యంత్రములుండెడివి. ఫ్రాన్సులో, పూర్వము గుట్టలమీద నిలిపిన సంకేత స్తంభముల చేతులను అనుకరించు యంత్రములుండెడివి. జర్మను రాజ్యములలో చుక్కలును గీతలును వాడుకలోనికి వచ్చినవి. విద్యుత్తు సరిహద్దులను లెక్కచేయదు గాని తంతివార్త మాత్రము సరిహద్దు వద్ద ఆగిపోయెడిది.

ఆనాటి స్ట్రాస్‌బర్గు తంతి కార్యాలయమును గూర్చి ఒక ముచ్చట చెప్పుదురు. అది ఫ్రాన్సుకును, బాడెన్ అను జర్మను రాజ్యమునకును ఉమ్మడి కార్యాలయము. పారిసునుండి వచ్చిన వార్తను ఫ్రెంచి గుమాస్తా కాగితముమీద వ్రాసి, బల్లకు ఆవలి ప్రక్క కూర్చున్న జర్మను గుమాస్తా చేతికందించును. అతడు దానిని తన భాషలోనికి మార్చి తన తీగమీద మరల పంపును. వందల మైళ్లు రెప్పపాటులో దాటి వచ్చిన వార్తకు ఆ బల్ల వెడల్పు దాటుటకే అన్నింటికంటె ఎక్కువ కాలము పట్టెడిదన్నమాట!

ఈ బల్లను తొలగించుటకే 1865 మే 17వ తేదీన పారిసులో 20 రాజ్యముల ప్రతినిధులు ఒక ఒప్పందముమీద సంతకములు చేసిరి. దేశముల నడుమ నడచు తంతికి మోర్సు యంత్రమును ఎన్నుకొనిరి. రుసుములకు ఒక పద్ధతి ఏర్పరచిరి. వార్తల రహస్యమును కాపాడుదుమని మాట ఇచ్చుకొనిరి. భారతదేశము 1869లో ఆ సంఘములో చేరినది. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘమను పేర ఐక్యరాజ్యసమితికి అనుబంధముగా నేడు జెనీవాలో పనిచేయుచున్నది ఆ సంఘమే. మే 17వ తేదీని ప్రపంచ టెలికమ్యూనికేషన్ దినముగా జరుపుటకు కారణమును అదే.

ఇచ్చట ఒక్క విషయమును విడదీసి చూపవలెను. ఒక యంత్రపు మాట మరియొక యంత్రమునకు అందుటలో మూడు మెట్లు కలవు. మొదటిది, ఇద్దరి నడుమ దారి ఒకటి కావలెను. తీగయైనచో తీగ కలియవలెను, తరంగమైనచో ఒకే తరంగదైర్ఘ్యము వద్ద ఇద్దరును నిలువవలెను. రెండవది, ఆ దారిని వచ్చు గుర్తులకు ఇద్దరును ఒకే అర్థము చెప్పుకొనవలెను. అమెరికా తంతివారి పాత మోర్సులో 'ఓ' అను అక్షరమునకు రెండు చుక్కలు, వాని నడుమ చిన్న విరామము. అంతర్జాతీయ మోర్సులో అదే అక్షరమునకు మూడు గీతలు. ఇట్లు 11 అక్షరములు ఆ రెండు పట్టికలలో వేరు వేరు. తీగ చక్కగా కలిసినను, చెవికి ధ్వని స్పష్టముగా అందినను, పట్టిక వేరైనచో వినువానికి దక్కునది గందరగోళమే.

మూడవ మెట్టు యంత్రములకు సంబంధించినది కాదు. ఎవరు ఎప్పుడు పలుకవలెను, ఎవరు ఎప్పుడు చెవియొగ్గి యుండవలెను, ఎవరి పిలుపునకు ఎవరు బదులీయక తప్పదు అను కట్టుబాటు అది. మొదటి రెండు మెట్లను ఇంజనీర్లు సాధింపగలరు. మూడవదాని కొరకు మనుషులు ఎంత ప్రయాసపడిరో, దానికెంత మూల్యము చెల్లించిరో వైర్‌లెస్ చరిత్రలో చూడవచ్చును.

1897లో మార్కొనీ ఇంగ్లండులో తన వైర్‌లెస్ కంపెనీని స్థాపించెను. తీరము కనుమరుగైన ఓడకు అంతకుముందు లోకముతో ఏ సంబంధమును లేదు గనుక ఓడల యజమానులు ఈ సాధనమును ఆత్రముతో స్వీకరించిరి. అయితే కంపెనీ యంత్రములను అమ్మెడిది కాదు, అద్దెకు ఇచ్చెడిది. యంత్రముతో పాటు ఆపరేటరును కూడ తానే పంపెడిది. అతడు ఓడలో కూర్చున్నను కంపెనీ జీతగాడే. దీనికి ఒక చట్టపు కారణము కలదు. బ్రిటనులో తంతి వార్తల గుత్తాధికారము పోస్టాఫీసుది. వార్తకు ఇంత అని ఇతరులు రుసుము తీసికొనుటకు వీలులేదు. ఒకే కంపెనీ మనుషులు తమలో తాము మాటాడుకొనుటకు మాత్రము ఆ చట్టము అడ్డురాదు. ఈ ఏర్పాటు వెంబడి మరియొక నియమము వచ్చినది: మార్కొనీ ఆపరేటరు మార్కొనీ యంత్రముతోనే మాటాడవలెను, ఇతరుల యంత్రము పిలిచినచో, ప్రాణాపాయ సమయమున తప్ప, బదులు పలుకరాదు.

ఇందులో సాంకేతికమైన అడ్డంకి ఏమియు లేదని పాఠకులు గమనింపవలెను. జర్మనీలో స్లాబీ, ఆర్కో అనువారు రూపొందించిన యంత్రము కూడ నిప్పురవ్వను పుట్టించి తరంగములను వెడలించునదే. అదియు మోర్సు చుక్కలు గీతలతోనే పలుకును. మార్కొనీ ఆపరేటరు చెవికి ఆ పిలుపు వినబడును, అర్థమగును. మొదటి రెండు మెట్లును ఉన్నవి. మూడవ మెట్టునే కంపెనీ బుద్ధిపూర్వకముగా తీసివేసినది.

కంపెనీ వాదమును కేవలము త్రోసివేయరాదు. తీరము పొడవున స్టేషన్లు కట్టించినది వారి సొమ్ము. ఆ స్టేషన్లను పోటీదారులు ఉచితముగా వాడుకొనుట న్యాయమా యని వారు అడిగిరి. కాని దాని ఫలితమును చూడుడు. ఓడ యజమాని ఏ యంత్రమును ఎన్నుకొనును? ఏ యంత్రమునకు ఎక్కువ తీరములలో బదులు దొరకునో దానినే. సంతలో జనమున్న దుకాణమునకే జనము చేరుదురు గదా. ఇక యంత్రపు మంచి చెడ్డలతో పనిలేదు. ముందు వచ్చినవానిదే సముద్రమంతయు.

1902లో జర్మను చక్రవర్తి సోదరుడైన హెన్రీ రాకుమారుడు అమెరికా పర్యటన ముగించుకొని డాయిష్‌లాండ్ అను ఓడలో స్వదేశమునకు మరలెను. తనకు ఆతిథ్యమిచ్చిన అధ్యక్షుడు రూజ్‌వెల్టుకు ఓడనుండి కృతజ్ఞతావార్త పంపదలచెను. ఓడలోనిది స్లాబీ–ఆర్కో యంత్రము. అమెరికా తీరమునందలి నాన్‌టకెట్ స్టేషను మార్కొనీ వారిది. వార్త తీసికొనబడలేదు. రాకుమారుని పలుకరింపునకు పట్టిన గతి ఇదైనచో సామాన్యుని మాట చెప్పనేల? జర్మను ప్రభుత్వము ఈ విషయమును ఊరకనే విడువలేదు. 1903 ఆగస్టులో తొమ్మిది దేశములను బెర్లినుకు పిలిచి సమావేశపరచినది. బ్రిటను, ఇటలీ దేశములు మార్కొనీ పక్షము వహించినందున ఆ యేడు ఒప్పందము కుదురలేదు.

1906లో బెర్లినులోనే మరల సమావేశము జరిగినది. ఈ మారు 20కి పైగా దేశములు సంతకము చేసినవి. ఆ ఒప్పందపు సారము ఒక్క వాక్యములో చెప్పవచ్చును: తీరపు స్టేషనును ఓడ స్టేషనును, ఎవరి పద్ధతి యంత్రమని చూడక, ఒకదాని వార్త ఒకటి తీసికొనవలెను. ప్రజల వార్తలకు 300 మీటర్లు, 600 మీటర్లు అను రెండు తరంగదైర్ఘ్యములను నిర్ణయించిరి. ఆపద పిలుపునకు మూడు చుక్కలు, మూడు గీతలు, మూడు చుక్కలు ఎడము లేకుండ కొట్టవలెనని నియమించిరి. దానినే లోకము ఎస్. ఓ. ఎస్. అని చదువుకొనుచున్నది. అందులో ఏ మాటకును పొడి అక్షరములు లేవు; అలసిన చేతికి కొట్టుట సులభము, అలసిన చెవికి గుర్తించుట సులభము అనునదే దాని సొగసు. ఒప్పందము 1908 జూలై 1నుండి అమలులోనికి వచ్చినది. మార్కొనీ ఆపరేటర్లు తమ పాత పిలుపైన సీ. క్యూ. డీ. ని వెంటనే విడిచిపెట్టలేదు గాని అది వేరు సంగతి.

ఇటువంటి ఒడంబడికకు బలవంతులు తమంతట తాము ముందుకు రారు. తీరమున బదులు దొరకనివాడు తగవు పెట్టవలెను, ప్రభుత్వములు కలుగజేసికొనవలెను. నూరేండ్లు దాటినను ఈ తీరు మారలేదు. సెల్‌ఫోనులన్నింటికిని ఒకే రకపు చార్జింగు రంధ్రము ఉండవలెనన్న నియమము, కంపెనీలలో ఒకటి గట్టిగా వలదన్నను, ఐరోపా సమాఖ్యలో 2024 డిసెంబరు 28 నుండి అమలైనది. ఒక దేశపు విపణికై చేసిన వస్తువు మరియొక దేశమునకును చేరును గనుక ఆ మేలు మనకును కొంత అందుచున్నది.

కాని బెర్లిను ఒప్పందముతో మూడవ మెట్టు పూర్తి కాలేదు. అది 1912 ఏప్రిల్ 14వ తేదీ రాత్రి తెలియవచ్చినది. ఆ రాత్రి 11 గంటల 40 నిమిషములకు టైటానిక్ ఓడ మంచుకొండను తాకినది. దానికి అందుబాటు దూరమున కాలిఫోర్నియన్ అను మరియొక ఓడ మంచులో ఆగియున్నది. ఆ ఓడలోను మార్కొనీ యంత్రమే. ఆపరేటరు మార్కొనీ మనిషియే. పద్ధతి ఒకటే, తరంగము ఒకటే, సంకేతము ఒకటే. అంతకు కొంచెము ముందు అతడు టైటానిక్‌ను పిలిచి మంచును గూర్చి చెప్పబోగా, ప్రయాణికుల వార్తలను తీరమునకు పంపుటలో మునిగియున్న టైటానిక్ ఆపరేటరు అడ్డు రావలదని కసిరికొట్టెను. కాలిఫోర్నియన్‌లో ఆపరేటరు ఒక్కడే. పగలంతయు పనిచేసినవాడు; పదకొండున్నర ప్రాంతమున యంత్రము కట్టిపెట్టి పడుకొనెను. కొన్ని నిమిషములలో ప్రక్కన సముద్రముమీద ఆపద పిలుపులు మ్రోగనారంభించినవి. వినుటకు ఎవరును లేరు.

దూరముననున్న కార్పేతియా ఓడ ఆపరేటరు కూడ నిద్రకు సిద్ధమగుచు, చెవులకు తగిలించుకొన్న ఫోనులు ఇంకను తీయక యుండుటచేత పిలుపు విన్నాడు. ఆ ఓడ వచ్చి 700 పైచిలుకు మందిని రక్షించినది. సుమారు 1,500 మంది మరణించిరి. యంత్రములు కలియనందున ఈ నష్టము కలుగలేదు. ఎవరు ఏ వేళ చెవియొగ్గి యుండవలెనన్న కట్టుబాటు లేక కలిగినది.

అదే సంవత్సరము జూలైలో లండనులో జరిగిన సమావేశము, ఓడకును ఓడకును నడుమ కూడ పద్ధతి భేదము పాటింపరాదని నిశ్చయించినది. వేరు వేరు భాషల ఆపరేటర్లు మాటాడుకొనుటకై మూడక్షరముల సంకేతముల పట్టికను కూడ అంగీకరించినది. ఉదాహరణకు క్యూ. ఆర్. ఎమ్. అనగా ఇతరుల ధ్వని అడ్డువచ్చుచున్నదని అర్థము. ప్రశ్న గుర్తు చేర్చినచో అడ్డువచ్చుచున్నదా యని అర్థము. జపాను ఆపరేటరు నార్వే ఆపరేటరుతో మాటాడుటకు ఒకరి భాష ఒకరికి రానక్కరలేదు. నేటికిని హామ్ రేడియోవారు ఇదే పట్టికను వాడుచున్నారు. సముద్రముపై ప్రాణరక్షణకు 1914లో కుదిరిన ఒప్పందములో పెద్ద ప్రయాణికుల ఓడలు రాత్రింబవళ్లు వినుచుండవలెనన్న నియమము చేరినది.

మాకు అన్నింటికంటె ముచ్చట గొలుపునది ఓడల వైర్‌లెస్ గదులలోని గడియారము. దాని ముఖముమీద రెండు చోట్ల ఎఱ్ఱని పట్టీలుండెడివి: 15వ నిమిషమునుండి 18 వరకు, 45వ నిమిషమునుండి 48 వరకు. ప్రతి గంటలోను ఆ రెండు మూడేసి నిమిషములు 600 మీటర్ల తరంగముమీద, అనగా 500 కిలోహెర్ట్జ్ వద్ద, ఆపదలో లేని వారెవరును నోరు మెదపరాదు. బలము చాలని బ్యాటరీతో ఎక్కడనో ఎవరో పిలుచుచున్నచో ఆ నిశ్శబ్దములో వినవచ్చునని ఆశ. ప్రపంచములోని సముద్రములన్నింటిపైని ఓడలు గంటకు రెండు మారులు కలసి మౌనము పాటించెడివి. మోర్సు ఆపద పద్ధతికి బదులు ఉపగ్రహములతో కూడిన క్రొత్త పద్ధతి 1999 ఫిబ్రవరి 1 నుండి పూర్తిగా అమలైనది. దానితో ఆ గడియారములకు పని పోయినది.

ఇక మన యింటి రేడియోకు వత్తము. హైదరాబాదు 738, విజయవాడ 837, విశాఖపట్టణము 927, కడప 900. ఇవి తెలుగు శ్రోతలకు ఏండ్ల తరబడి పరిచయమైన మీడియం వేవ్ కిలోహెర్ట్జ్ సంఖ్యలు. వీనిలో దేనినైనను తొమ్మిదితో భాగించి చూడుడు, శేషము మిగులదు. 82, 93, 103, 100 అని వచ్చును. ఇది కాకతాళీయము కాదు. కంఠధ్వనిని మోయు తరంగము తన స్థానమునకు ఇరుప్రక్కల కొంత చోటు ఆక్రమించును. ధ్వనిలో సెకనుకు 4,500 వరకు గల కంపనములను పంపుటకు ఇటు నాలుగున్నర, అటు నాలుగున్నర, వెరసి తొమ్మిది కిలోహెర్ట్జ్ కావలెను. అందుచేత 1975లో జెనీవా సమావేశము ఐరోపా, ఆఫ్రికా, ఆసియా ఖండములలోను ఆస్ట్రేలియా ప్రాంతమునను మీడియం వేవ్ కేంద్రములు తొమ్మిదేసి కిలోహెర్ట్జ్ ఎడముతో నిలువవలెనని నిర్ణయించినది. 1978 నవంబరు 23న అది అమలైనది. అంతవరకు పదేసి ఎడముతో నడచిన జపానులో ఆ నాడు కేంద్రములలో చాల భాగము కొత్త స్థానములకు జరిగినవి.

అందరును ఒకే కొలబద్దను ఎందుకు పాటింపవలెనని అడుగవచ్చును. ఒక కేంద్రము 837లోను, వేరొక దేశపు కేంద్రము 840లోను ఉన్నవనుకొనుడు. పగలు బాధ లేదు. రాత్రివేళ మీడియం వేవ్ తరంగములు ఆకాశపు పైపొరలనుండి పరావర్తనము చెంది వందల మైళ్లు వచ్చును. అప్పుడు రెండు తరంగములును సెట్టులో కలిసికొని, వాని భేదమైన మూడు కిలోహెర్ట్జ్ ఈలగా వినవచ్చును. ఆ స్థాయి ధ్వనికి మన చెవి మిక్కిలి చురుకు. పాతకాలపు శ్రోతలు రాత్రుళ్లు విన్న ఆ సన్నని ఈల పలుమారులు ఇట్టిదే. కేంద్రములన్నియు ఒకే కొలబద్దమీద ఉన్నచో ఇరుగుపొరుగుల భేదము తొమ్మిది కిలోహెర్ట్జ్. దానిని సెట్టు అణచివేయును.

అమెరికా ఖండములు మాత్రము పదేసి ఎడమునే నిలుపుకొన్నవి. దీని ఫలితము మన తెలుగు ఇండ్లలోనే కనబడుచున్నది. అమెరికాలో ఉద్యోగము చేయుచున్న కుమారుడు తండ్రికి చక్కని అంకెల రేడియో తెచ్చును. మీట నొక్కినకొద్ది అంకె 730, 740, 750 అని దుముకును. హైదరాబాదు 738 కదా. 740లో వినబడును గాని గరగరలాడును. విజయవాడకు 840లో మూడు కిలోహెర్ట్జ్ తేడా, మాట ముద్దకట్టును. ఇన్ని డాలర్లు పోసి కొన్నదానికంటె మన పాత పెట్టెయే మేలని పెద్దాయన తీర్పు చెప్పును. సెట్టు మంచిదే; అది వేరొక ఒడంబడిక క్రింద పుట్టినది. ఇట్టి సెట్టులలో అనేకములకు వెనుకనో, బ్యాటరీల అరలోనో 9, 10 అని గుర్తులున్న చిన్న స్విచ్చి ఉండును. దానిని 9 వైపునకు త్రిప్పవలెను. కొన్నింటిలో మీటను కొంతసేపు నొక్కిపట్టుటచే మారును. వెంట వచ్చిన పుస్తకములో వ్రాసియుండును. ముందు గుర్తుపెట్టుకొన్న కేంద్రములు చెరిగిపోవును గనుక మరల పెట్టుకొనవలెను.

ఎఫ్. ఎమ్. లోను ఇట్టి చిక్కు కలదు. అమెరికాలో కేంద్రముల సంఖ్యల చివర బేసి అంకెలే ఉండును. ఆ దేశమునకే చేసిన కొన్ని సెట్టులు 102.7 నుండి 102.9కి దాటును, హైదరాబాదు వివిధభారతి 102.8 నడుమ నిలిచిపోవును. ధ్వనిలోని సన్నని స్వరములను పంపునప్పుడు హెచ్చించి, వినునప్పుడు అంతకు అంత తగ్గించు ఏర్పాటు ఒకటి కలదు. ఆ హెచ్చు తగ్గుల కొలత అక్కడ ఒకటి, ఇక్కడ ఒకటి. అందుచేత అమెరికా సెట్టులో మన వీణ కచ్చేరీ రవ్వంత మబ్బుగా వినవచ్చును. చాలమంది చెవికి ఇది పట్టదు, సంగీతజ్ఞులకు పట్టును.

ఒప్పందములలో ఎవరును సంతకము పెట్టకయే కుదిరినవి కూడ కలవు. రేడియోలో ఏ కేంద్రమును పట్టినను లోపల దానిని మొదట ఒక నియత పౌనఃపున్యమునకు మార్చి, అక్కడ బలపరతురు. మీడియం వేవ్ సెట్టులలో అది సాధారణముగా 455 కిలోహెర్ట్జ్. కంపెనీలు పలువురు ఈ సంఖ్యకే చేరుకొన్నందున, మన ఊరి రిపేరు దుకాణదారుడు ఒక కంపెనీ సెట్టులో కాలిపోయిన ఐ. ఎఫ్. టి. కి బదులు మరియొక కంపెనీది వేసి నడిపింపగలుగుచున్నాడు. డి. ఆర్. ఎమ్. అను అంకెల పద్ధతి ప్రసారము మాత్రము పాత సెట్టులో హోరు తప్ప మరేమియు వినిపింపదు. దారి అదే యైనను గుర్తుల పట్టిక వేరు. రెండవ మెట్టు అన్నది ఇదే.

ఈ రెండవ మెట్టు వద్దనే మన తెలుగు అక్షరము చాలకాలము చిక్కుపడినది. కంప్యూటరు అక్షరములను దాచుకొనదు, అంకెలను దాచుకొనును. ఏ అంకెకు ఏ అక్షరమో పట్టిక ఉండవలెను. ఇంగ్లీషు అక్షరములకు అట్టి పట్టిక ముందే కుదిరినది. 1990 ప్రాంతములలో తెలుగు ఫాంటులు చేసినవారు ఒక ఉపాయము పన్నిరి. ఇంగ్లీషు అక్షరముల అంకెల వద్ద తెలుగు ముక్కలను కూర్చిరి: ఒకచోట తలకట్టు, ఒకచోట గుడి, ఒకచోట కొమ్ము, మరియొకచోట వత్తు. ఎవరికి తోచిన చోట వారు కూర్చిరి. అచ్చువేసి కాగితము చేతికిచ్చునంతవరకు ఏ బాధయు లేదు. కాని ఆ ఫైలు మరియొకరి కంప్యూటరు చేరినప్పుడు, అక్కడ అదే ఫాంటు లేనిచో, ఇంగ్లీషు అక్షరములును వింత గుర్తులును కలగాపులగముగా తేలెడివి. మార్కొనీ యంత్రము మార్కొనీ యంత్రముతోనే పలుకవలెనన్న కథయే ఇది. ఎవరును అట్లని శాసింపలేదు గాని జరిగినది అదే.

మా కేంద్రమునకు ప్రసంగ పాఠములు ఈమెయిలున రాసాగిన దినములలో ఇది నిత్యకృత్యము. ఒక పెద్దాయన ప్రసంగపాఠము రికార్డింగునకు అరగంట ముందు తెర మీద గుర్తుల వానవలె కురిసినది. ఆయన చిరునవ్వుతో జేబునుండి చేతివ్రాత కాగితములు తీసి చదివి వెళ్లిరి.

దీనికి మందు రెండు విడతలుగా వచ్చినది. 1991లో భారతీయ ప్రమాణముల సంస్థ ప్రధాన భారతీయ లిపులకు ఉమ్మడి పట్టికను ప్రకటించినది. ఆ లిపులన్నియు బ్రాహ్మినుండి పుట్టినవి. వర్ణమాల క్రమము ఒకటే. కనుక క ఎక్కడనైనను క స్థానముననే ఉండును. అదే యేడు వెలువడనారంభించిన యూనికోడు అను ప్రపంచ పట్టిక ఈ క్రమమునే గ్రహించి, ఒక్కొక్క లిపికి 128 గదులు వేరుగా ఇచ్చినది. తెలుగు గదులు 3072 నుండి 3199 వరకు. తెలుగు క సంఖ్య 3093. దానికి సరిగా 128 కలిపినచో కన్నడ క, 3221. ముక్కలకు మారుగా వర్ణములకే అంకెలిచ్చుట ఇందలి విశేషము. జ్ఞ అను సంయుక్తాక్షరమునకు ప్రత్యేకపు గది లేదు; జ, పొల్లు, ఞ అని మూడు అంకెలు వరుసగా పంపినచో, చూపించు కంప్యూటరు వానిని కలిపి జ్ఞ యని గీయవలెను. చాప, జాము వంటి మాటలలోని దంత్య చ, జ లకు వేరు గదులు 2008లో లభించినవి.

పట్టిక కుదిరినంత మాత్రమున అన్నియు చక్కబడునని కూడ అనుకొనరాదు. 2018 ఫిబ్రవరిలో మన 'జ్ఞా' యను అక్షరము ప్రపంచ వార్తలకెక్కినది. కంటికి కనబడని ఒక విభజన గుర్తు నడుమ చేరిన 'జ్ఞా' ను ఎవరైన సందేశముగా పంపినచో, ఆనాటి ఆపిల్ ఫోనులలో దానిని తెరచిన అప్లికేషను తటాలున మూసికొనిపోయెడిది. అంకెలు సరిగానే చేరినవి. వానిని గీయు విధము తెలియక ఫోను తడబడినది. అదే నెలలో ఆ కంపెనీ లోపమును సవరించినది. తెలియని విషయము వచ్చినప్పుడు కూలిపోక పైకి పోవుట ఎట్లో కూడ యంత్రమునకు నేర్పవలెనని ఇంజనీర్లు అందువలన గ్రహించియుందురు.

నేడు సెల్‌ఫోనులో వ్రాయు తెలుగు అంతయు యూనికోడే గనుక ఇట్టి బాధ చాలవరకు తీరినది. మిగిలినది పాత సరుకు. 1990 మొదలు పది పదునైదు ఏండ్లపాటు మన ఇండ్లలోను, ప్రెస్సులలోను, కార్యాలయములలోను టైపు చేసిన వంశచరిత్రలు, నాటకములు, కవితలు, దస్తావేజులు ఎన్నియో ఆయా ఫాంటుల అంకెలలోనే నిద్రించుచున్నవి. ఫాంటు పోయినచో వానిని చదువుట మిక్కిలి కష్టము. మీ యింట అట్టి ఫైళ్లు ఉన్నచో ఏ ఫాంటుతో టైపు చేసిరో ఆ పేరును ఫైలుతో పాటు వ్రాసియుంచుడు. ఫాంటు ఇంకను దొరకునేని దానిని కూడ అక్కడనే భద్రపరచుడు. ప్రసిద్ధములైన ఫాంటులనుండి యూనికోడునకు మార్చు సాధనములు ఇంటర్నెట్టులో లభించుచున్నవి. మార్చిన పిదప వత్తులను, పొల్లులను ఒక్కమారు కంటితో సరిచూచుకొనవలెను, ఎక్కువగా తప్పునవి అవియే. అచ్చు ప్రతి మిగిలియున్నచో దానిని పారవేయవలదు.